పాలు తాగితే సన్నబడతామా?

పాలు, పెరుగు బాగా పుచ్చుకుంటే ఒళ్లు తగ్గుతుందన్న మాట మీరూ వినే ఉంటారు. ఆ మాట అమెరికాలో గట్టిపడింది. 2000లో టెనెస్సీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మైకేల్ జెమెల్, కాల్షియం ఎక్కువగా పెట్టిన ఎలుకల్లో కొవ్వు పేరుకోవడం తగ్గిందని ప్రకటించారు. పాడి వ్యాపారులు ఊరుకుంటారా? రోజుకు మూడుసార్లు పాలపదార్థాలు తింటే నాజూగ్గా అవుతారని ఆడవాళ్లకు కొన్నేళ్లపాటు ఊదరగొట్టారు. ఎలుకల సంగతి సరే, మనుషుల మీద జరిపిన పరీక్షలు చాలావాటిలో అలాంటి ఫలితమేదీ కనబడలేదు. చివరికి 2007లో, ప్రభుత్వ వాణిజ్య సంఘం కలగజేసుకున్నాక, ఆ ప్రకటనలు ఆగాయి. ఉన్న తిండికి తోడు మరో రెండు గ్లాసుల పాలు చేరిస్తే ఒళ్లు పెరగదూ మరి!

అలాగని సన్నబడాలని పాలు మానేసే అమ్మాయిలను చూస్తే నాకు భయమే. ఎముకలకు కాల్షియం కావాలి కదండీ. మీగడ తీసేస్తే పోయేది కొవ్వే, కాల్షియం పోదు. పాలు పడనివారికి రాగిజావ ఉండనే ఉంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది.