గాజుగోళపు వయస్సు: పాత క్రిస్మస్ అలంకరణలను గుర్తించు విధము

ఫాల్గుణమాసమున తీర్థమునకు వచ్చిన జనముతో క్రిక్కిరిసి, లక్ష్మీనరసింహస్వామి కొలువైన కొండ మెట్ల వెంబడి గోవిందనామము మారుమ్రోగు కోరుకొండ, డిసెంబరు వచ్చునప్పటికి మరియొక పండుగకు సిద్ధమగును. పరిసర గ్రామములలోని పేటలయందు వెదురుబద్దలకు రంగుకాగితము నతికి చేసిన నక్షత్రములు చూరులకు వ్రేలాడును; ప్రార్థనామందిరముల యెదుట సరుగుడుకొమ్మను పాతి దానినే క్రిస్మస్ చెట్టుగా నలంకరింతురు; ఆ కొమ్మలకు దూదియు, తళుకుకాగితపు తోరణములును, తళతళలాడు గుండ్రని బంతులును కట్టుదురు. నేటి బంతులలో అధికభాగము ప్లాస్టిక్కువి గనుక క్రిందపడినను పగులవు. ఇరువదియేండ్లకు పారవేసినను ఎవరికిని చింత యుండదు. కాని పాత ట్రంకుపెట్టె యడుగున, నలిగిన కాగితపు చుట్టలలోనుండి ఒక గాజుగోళము బయల్పడినచో దాని సంగతి వేరు. అది ఏ దేశమున పుట్టినది, ఏ కాలమునకు చెందినది అను ప్రశ్నలకు సమాధానము దాని యొడలియందే యున్నది. దానిని చూచుట తెలిసినవారికి పెట్టెమీది చీటీతోగాని, ఇంటివారు చెప్పు కథతోగాని అంతగా పనిలేదు.

ఈ గోళముల జన్మస్థానము జర్మనీ దేశమున థురింగియా అరణ్యసీమలోని లౌషా యను కొండపల్లె. హాన్స్ గ్రైనర్, క్రిస్టోఫ్ ముల్లర్ అను నిరువురు గాజుపనివారు 1597లో అచ్చట కొలిమి నెలకొల్పిరి. వారి వంశీకులు తరతరములుగా పానపాత్రలు, పూసలు, బొమ్మల కన్నులు చేసి జీవించుచు, 19వ శతాబ్ది మధ్యకాలమున క్రిస్మస్ చెట్టుకు వ్రేలాడదీయు గోళములను ఊదసాగిరి. ఆరు డజన్ల గోళములకు వచ్చిన బేరము 1848 నాటి ఒక లెక్కపుస్తకమున నమోదై యున్నది. సరిగా ఆ సంవత్సరములలోనే ధవళేశ్వరమువద్ద ఆర్థర్ కాటన్ గోదావరికి ఆనకట్ట కట్టించుచుండెను. 1847లో మొదలైన ఆ పని 1852 నాటికి ముగిసెను. ఒక మారుమూల జర్మను పల్లెయు, ఒక తెలుగు డెల్టాయు ఒకే కాలమున తమ దశ మార్చుకొనుచుండినవన్నమాట.

ఈ రెండింటికిని నడుమ దారియు లేకపోలేదు. రాజమహేంద్రవరమున లూథరన్ మిషనును మొదట నడిపినవారు ఉత్తర జర్మనీ మిషనరీ సంఘమువారే. 1850 ప్రాంతమున వారు దానిని అమెరికాలోని లూథరనులకు అప్పగించిరి. 1793లో జర్మనీయందు హెల్మ్‌స్టెట్ పట్టణమున జన్మించి, చిన్ననాడే అమెరికాకు వలసపోయి, 1842లో గుంటూరు చేరిన మిషనరీ హయ్యరు గారు, రాజమహేంద్రవరపు మిషను పరుల పాలగునేమో యను స్థితి 1869లో ఏర్పడగా, 76 ఏండ్ల ప్రాయమున తానే పోయెదనని ముందుకు వచ్చి, సముద్రములు దాటి మరల ఈ గోదావరితీరమునకు వచ్చెను. 1873లో ఆయన కన్నుమూసినది ఫిలడెల్ఫియా నగరమున. క్రిస్మస్ చెట్టును ఇంట నిలుపు ఆచారము జర్మను లూథరన్ కుటుంబములలో వ్రేళ్లూనినది. పెన్సిల్వేనియా రాష్ట్రమునకు దానిని కొనిపోయినది అట్టి వలసజనమే. ఆ సంఘములు దూరదేశములందలి తమ మిషనులకు పండుగ కానుకల పెట్టెలు పంపుట ఆ కాలపు వాడుక. 1900లో గోదావరిపై రైలువంతెన తెరువబడకమునుపు, విదేశపు సరకు కాకినాడ రేవున దిగి కాలువపడవలపై ఎగువకు వచ్చెడిది. 1927లో ఏర్పడిన ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చికి ఈ చరిత్రయే పునాది.

లౌషా గోళములకు లోకవ్యాప్తి కలిగించిన పరిణామములు రెండు. మొదటిది 1867లో ఆ యూరికి వచ్చిన గ్యాసు కర్మాగారము. అంతకుపూర్వము దీపపు సెగపై గాజును మెత్తపరచి ఊదవలసివచ్చుటచే గోళములు దళసరిగా నుండెడివి. గ్యాసుమంట నిలకడగా, తీవ్రముగా నుండుటవలన ఉల్లిపొరవలె పలుచనైన పెద్ద గోళములను ఊదుటకు వీలు చిక్కెను. రెండవది రసాయనశాస్త్రవేత్త లీబిగ్ కనుగొన్న వెండిపూత. వెండి నైట్రేటు ద్రావణమును గోళములో పోసి, వెచ్చని నీటిలో ముంచి గిరగిర త్రిప్పినచో లోపలి గోడకు వెండి పట్టుకొనును. ఆ పైని గోళమును రంగులక్కలో ముంచి ఆరవేయుదురు. ఆ కాలమున ఇది కుటుంబమంతయు కలిసి చేయు కుటీరపరిశ్రమ. పురుషుడు మంటవద్ద కూర్చుండి ఊదెడివాడు, ఇల్లాలు వెండి పట్టించెడిది, పిల్లలు రంగులద్ది మూతలు తొడిగెడివారు. తయారైన సరకును బుట్టలలో పెట్టి సమీపముననున్న సోన్నెబెర్గ్ వర్తకులకు అప్పగించెడివారు.

అమెరికాలో చవుక దుకాణములకు పేరుపొందిన వుల్‌వర్త్ తన లాంకాస్టర్ కొట్టుకై 1880లో ఫిలడెల్ఫియా వర్తకుని యొద్ద 25 డాలర్ల గోళములను, అమ్ముడుపోవునో పోవోయను శంకతోనే తీసికొనెను. అవి రెండు దినములలో చెల్లిపోయినవట. 1890లో ఆయన స్వయముగా జర్మనీ వెళ్లి కొనుగోళ్లు చేయునంతగా ఆ వ్యాపారము పెరిగెను.

ఇక పరీక్షకు వత్తము. పాతగోళమును చేతికి తీసికొన్నవెంటనే గమనింపవలసినది బరువు. పరిమాణమునకు మించిన బరువుతో, దళసరి గాజుతో, నీలము ఆకుపచ్చ మొదలగు వర్ణములు గాజులోనే కలిసియున్న గోళములను సేకర్తలు కూగెల్ అందురు. అవి 1840ల నుండి మొదటి ప్రపంచయుద్ధమువరకు వెలువడినవి. వానియందు ఎఱుపు మిక్కిలి అరుదు. మిక్కిలి పాతవానిలో వెండికి బదులు సీసము కలిసిన మిశ్రలోహము లోపల పూయబడి యుండుటయు కలదు. పలుచని గోళములలోనన్ననో, గాజు తెల్లనిదే, రంగు పైపూత మాత్రమే. ఎచ్చటనైన పూత గీచుకొనిపోయినచో ఆ గీతయందు వెండి కానవచ్చును. ఈ భేదము నొక్కదానిని గుర్తించినచో సగము కథ తేలును.

రెండవ సాక్షి లోపలి వెండి. కాలక్రమమున గాలి సోకి వెండి నల్లబడును. గాలి చొచ్చునది మెడ గుండ గనుక మచ్చలు సాధారణముగా అచ్చట మొదలై క్రిందికి వ్యాపించును. మెడవద్ద శుభ్రముగానుండి, బంతి నడుమ మాత్రమే సమానముగా పఱచినట్లు నల్లబడిన గోళమును సందేహించుటయే మేలు. కనుకట్టునకై చేసిన వార్ధక్యమునకు క్రమము కుదరదు.

మూడవదియు ముఖ్యమైనదియు మెడ. మూతను పట్టియుంచు తీగెకాళ్లను రెండు వ్రేళ్లతో దగ్గరకు నొక్కి మెల్లగా పైకి లాగినచో మెడ బయటపడును. పాత చేతిపనియందు, గొట్టమునుండి గోళమును విరిచిన అంచు ఎగుడుదిగుడుగా నుండును. ఒకే పెట్టెలోని రెండింటి మెడలైనను పొడవున సమముగా నుండవు. గరుకుపలుకులు వ్రేలికి తగులును. యంత్రముతో చేసినవానికి మెడలన్నియు ఒకే కొలత, అంచు సాపు. కూగెలులకు మెడయే యుండదు. గాజును గోళముతో సమానముగా కోసి, ఆ రంధ్రముమీద పూలచెక్కడపు పలుచని ఇత్తడిమూతను అమర్చుదురు. అందరును చూచునది మెఱపు. పనివాని చేయి తెలియునది మాత్రము మూతక్రింద దాగిన ఆ అరంగుళములోనే.

ఆకృతినిబట్టి కాలమును కట్టుట సులభమని తోచును గాని అది ఒకవైపు మాత్రమే పనిచేయు న్యాయము. అచ్చులలో ఊదిన పండ్లు, దేవదారుకాయలు, నూలుగాజు తోకల పక్షులు, ముడుతతీగె చుట్టిన పడవలు, బెలూనులు మొదటి యుద్ధమునకు ముందు విశేషముగా వెలువడినవి. మొట్టమొదటి జెప్పెలిన్ 1900 జూలైలో ఆకసమున కెగిరెను గనుక జెప్పెలిన్ ఆకారపు గాజుబొమ్మ అంతకుమునుపటిది కానేరదు. అయితే అదే అచ్చు 1900 తరువాత ఎన్నడైనను వాడబడవచ్చును. లౌషాలో తాతలనాటి అచ్చులను మనుమలు నేటికిని వాడుచున్నారు. కాబట్టి ఆకృతి తెలుపునది అతి ప్రాచీనమైన హద్దునే, అసలు తేదీని కాదు.

మూతపైని, పెట్టెపైని అక్షరముల ధర్మమును ఇట్టిదే. అమెరికాకు దిగుమతియగు సరకులపై దేశనామము ముద్రింపవలెనని 1890లో చేసిన సుంకపుచట్టము 1891 మార్చినుండి అమలుకు వచ్చెను. కాన జర్మనీ యను పేరు కానవచ్చినచో ఆ పెట్టె సాధారణముగా ఆ తరువాతిది. చెకోస్లొవేకియా పేరున్నచో 1918కి ముందుది కాదు. ఆ దేశపు గాబ్లోంజ్ పూసలవారు తీగెపై గాజుపూసలు గ్రుచ్చి చేసిన తారలకు ఆ పేరు తరచుగా కానవచ్చును. జర్మనీలోని అమెరికా మండలమని యున్నచో యుద్ధము ముగిసిన 1945కును, పశ్చిమ జర్మనీ యేర్పడిన 1949కిని నడిమి కాలముది. ఆక్రమిత జపాను అని యున్నచో 1952లోపుది. పశ్చిమ జర్మనీ యని యున్నచో 1949 - 1990ల నడిమిది. ఇన్నియు చెప్పిన పిమ్మట ఒక్కమాట మరువరాదు. పెట్టెలు మారును, మూతలు ఒకదానినుండి వేరొకదానికి పోవును, మెడ మారదు.

కాలనిర్ణయమునకు అన్నిటికంటె స్పష్టమైన గుర్తులు వదలినది రెండవ ప్రపంచయుద్ధము. జర్మనీనుండి అమెరికాకు గోళములు దిగుమతి చేయుచుండిన మాక్స్ ఎకార్ట్, యుద్ధమేఘములు కమ్ముట చూచి, 1937లో షైనీ బ్రైట్ వ్యాపారమును నెలకొల్పి, విద్యుద్దీపపు బుడ్డీలు చేయు కార్నింగ్ కంపెనీవారిని ఒప్పించి, ఆ యంత్రములమీదనే గోళములు చేయించెను. 1940 నాటికి దినమునకు మూడులక్షల గోళములు వెలువడుచుండినవి. తరువాత లోహమునకు కరవు వచ్చినపుడు లోపలి వెండిపూత మానివేసి, పారదర్శకమైన గాజుపై సన్నని రంగుచారలు మాత్రమే దిద్దిరి. లోహపు మూతలకు మారుగా అట్టమూతలు తొడిగిరి. వెండిలేని గాజు, చారలు, అట్టమూత ఈ మూడును కలిసిన గోళము చేతికి దొరికినచో, ఆ నాలుగైదేండ్ల యుద్ధకాలపు బిడ్డయని నిస్సంశయముగా చెప్పవచ్చును.

ఈ కథలో మనదేశమునకును వంతు కలదు. అది మనవారికి చాలమందికి తెలియదు. రాజమహేంద్రవరపు గాజులకొట్లలో మన ఆడపడుచులు తొడుగుకొను గాజులకు ప్రసిద్ధమైన ఉత్తరప్రదేశపు ఫిరోజాబాదు కొలుములనుండి క్రిస్మస్ గోళములును విదేశములకు ఎగుమతి యగుచున్నవి. పాత కూగెలుల నమూనామీద దళసరి గాజుతో, ఇత్తడిమూతలతో భారతదేశమున చేసిన గోళములు గత శతాబ్ది చివరి దశకమునుండి పాశ్చాత్యుల సంతలలో విరివిగా కానవచ్చుచున్నవి. చేసినవారు కొత్తవిగానే అమ్మిరి; మధ్యవర్తులు కొందఱు వానిని జర్మను పురాతనములుగా చెలామణి చేసిరి. పట్టుబడినది మరల మెడవద్దనే: అసలు కూగెలునకు మెడ లేదుగదా, అనుకరణములకు మూత నిలుచుటకై చిన్న మెడ పైకి పొడుచుకొని వచ్చును, మూతయు అవసరమునకు మించి దళసరిగా నుండును. కావున గోళము భారతదేశమున దొరకిన మాత్రమున అది మిషనరీల పెట్టెలో వచ్చినదని తలచుట తగదు. అది ఆగ్రాకు ప్రక్కనున్న ఊరినుండి వచ్చినదియు కావచ్చును. పనివాని నేర్పునకు అది లోటు కాదు, కాని తేదీ తేదీయే.

కడపట పాఠకులకు ఒక విన్నపము. ఇంట పాత గాజుగోళమున్నవారు దానిని నీళ్లతో కడుగరాదు. పాత రంగులక్కలలో కొన్ని నీటికి కరగిపోవును, వెండియు చెడును. మెత్తని పొడికుంచెతో దుమ్ము దులిపి, పలుచని కాగితము చుట్టి, ఒకదానికొకటి తగులకుండునట్లు గళ్లపెట్టెలో పెట్టి, వేడిమియు చెమ్మయు సోకని చోట నుంచవలెను. మన డెల్టా వానకాలపు తేమ గాజునకు కాదు, దాని లోపలి వెండికి శత్రువు. అంతకంటె ముఖ్యముగా, ఈ గోళము ఎవరు కొన్నది, ఏ యూరినుండి వచ్చినది, ఏ సంవత్సరమునుండి చెట్టుకు కట్టుచున్నారు అను సంగతులను పెద్దలు బ్రతికియుండగనే అడిగి, ఒక చీటీమీద వ్రాసి అదే పెట్టెలో నుంచుడు. పై పరీక్షలవలన గోళము పుట్టిన కాలము తెలియవచ్చును గాని, అది మీ యింటికి వచ్చిన త్రోవను చెప్పగలవారు మీ యింటివారే.