మొదటి బల్బు కరెంటు తినేస్తుందా?

బ్యాటరీకి రెండు ఒకేరకం బల్బులు వరుసగా కలిపితే మొదటిదే ఎక్కువ వెలుగుతుందని చాలామంది పిల్లలు చెబుతారు. మొదటిది కొంత కరెంటు వాడేసుకుంటే రెండోదానికి మిగిలిందే కదా వచ్చేది అని వాళ్ల లెక్క. దీన్ని మొద్దుతనం అనడం అన్యాయం. సర్క్యూట్‌ను ముక్కలుగా చూడటమే ఇక్కడి పొరపాటు. ఆ చూపు మారడానికి శాస్త్రవేత్తలకూ దశాబ్దాలు పట్టింది. వోల్టా బ్యాటరీ 1800 నాటిది. పాతికేళ్ల తర్వాత, 1825లో, ఇంగ్లండులో పీటర్ బార్లో 200 అడుగుల తీగకే కరెంటు ప్రభావం పడిపోవడం చూసి విద్యుత్ టెలిగ్రాఫ్ అయ్యే పని కాదని తేల్చేశాడు. కొలత సరైనదే. కానీ నేరమంతా తీగ మీదకు తోసి, బ్యాటరీని లెక్కలోకి తీసుకోలేదు. 1831 నాటికి అమెరికాలోని ఆల్బనీలో జోసెఫ్ హెన్రీ ఎక్కువ సెల్స్‌ను వరుసగా కలిపి, మైలుకు పైగా పొడవున్న తీగతో గంట మోగించాడు.

ఈ రెంటి మధ్య, 1826లో, జర్మనీలో ఓమ్ చేసిన ప్రయోగం అసలు కీలకం. వోల్టా బ్యాటరీకి నిలకడ లేదని దాన్ని పక్కనపెట్టి, బిస్మత్, రాగి కలిసే అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీటి వేడిలో, రెండోదాన్ని మంచులో ఉంచాడు. ఒకే మందం, వేర్వేరు పొడవులున్న ఎనిమిది రాగితీగలను ఒక్కొక్కటిగా కలిపి, కరెంటుకు పక్కకు జరిగిన అయస్కాంత సూదిని వెనక్కి తేవడానికి దాన్ని వేలాడదీసిన పట్టీని ఎంత మెలిపెట్టాలో కొలిచాడు. ఆయన సూత్రంలో ఆ తీగ పొడవుతోపాటు మిగతా సర్క్యూట్ నిరోధానికీ చోటుంది. 1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలో పెద్దగా మెచ్చుకున్నవాళ్లు లేరు. లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది 1841లో.

బార్లో కొలిచాడు, పిల్లలు ఊహిస్తున్నారు, ఇద్దరినీ ఒకే గాటన కట్టొచ్చా అంటే, నిజమే, కట్టకూడదు. కానీ కొలిచినవాడికే దొరకని విషయం కొలవనివాళ్లకు సూత్రం బట్టీపడితే దొరుకుతుందా? ఇంకో అభ్యంతరం దీనికన్నా గట్టిది: బల్బులో కరెంటు ఏమీ ఖర్చు కాకపోతే ఇంట్లో మీటరు ఎందుకు తిరుగుతుంది? ఖర్చవుతుంది, అయితే అది శక్తి. మీటరు చూపే యూనిట్ అంటే కిలోవాట్-అవర్, ఆంపియర్ కాదు. పిల్లలు ఏదో తరుగుతోందని పట్టుకున్నారు, ఏది తరుగుతోందన్న దగ్గరే తడబడ్డారు. కాబట్టి సైన్స్ మాస్టార్లకు ఒక్క మనవి: ఓమ్ సూత్రం బోర్డు మీద రాసేముందు బల్బుకు ఇటొక అమ్మీటరు, అటొక అమ్మీటరు పెట్టి, రెండు అంకెలూ పిల్లల చేతే చదివించండి.