ఇంగ్లండు పల్లెదారుల్లో సైకిలు విహారం

పందెం కోసమో పనిమీదో కాకుండా, దారిలో కనబడిన ఊరల్లా చూస్తూ తీరిగ్గా సైకిలు మీద సాగే ప్రయాణాన్ని ఇంగ్లండులో ‘సైకిల్ టూరింగ్’ అంటారు. దీనికి పేరుపడ్డ ప్రాంతాలు ఎక్కువగా ఆ దేశపు దక్షిణ, మధ్య భాగాల్లో ఉన్నాయి. సౌత్ డౌన్స్, చిల్టర్న్ గుట్టలు సుద్ద నేలలు. కాట్స్‌వోల్డ్ సున్నపురాతి మిట్ట. కాట్స్‌వోల్డ్‌లో అన్నిటికన్నా ఎత్తయిన క్లీవ్ హిల్ సముద్రమట్టానికి 330 మీటర్లు, చిల్టర్న్‌లో అత్యధికం 267 మీటర్లు. కొండలనడానికి తక్కువ, చదునైన నేల అనడానికి ఎక్కువ. పది నిమిషాలు ఆయాసపడి మిట్ట ఎక్కితే, అవతలి పల్లందాకా కాళ్ళు ఆడించకుండా జారిపోవచ్చు. తోవలు చాలావరకు మన డొంకల్లాంటివి: రెండు పక్కలా పొదల కంచె, శతాబ్దాల బండ్ల రాకపోకలకూ వాననీటికీ అరిగి పొలంకన్నా లోతుకు దిగిపోయిన బాట.

ఈ విహారం చరిత్ర చాలావరకు ఇతర వాహనాలు వదిలేసిపోయిన దారుల చరిత్రే. మొదట దొరికినవి గుర్రపు కోచి బళ్ళ రహదారులు. 1830, 40 దశకాల్లో రైలు వచ్చి కోచి బళ్ళను తినేసింది. వాటి ప్రయాణికుల మీద బతికిన సత్రాలూ పూటకూళ్ళ ఇళ్ళూ వెలవెలబోయాయి. ఒక తరంపాటు ఆ రహదారుల మీద స్థానికుల బండ్లు తప్ప పెద్దగా రాకపోకలు లేవు. ఆ ఖాళీలోకి సైకిలు దిగింది.

1869 ఫిబ్రవరిలో ముగ్గురు లండన్ నుంచి బ్రైటన్‌కు వెలాసిపీడ్ల మీద బయలుదేరారు. దూరం సుమారు 85 కిలోమీటర్లు. సముద్రం దాకా తొక్కుకుంటూ చేరింది జాన్ మేయల్ ఒక్కడే. వెలాసిపీడంటే కొయ్య చక్రాలకు ఇనప పట్టా బిగించి, పెడళ్ళను ముందు చక్రానికే తగిలించిన బండి. ‘ఎముకలు కుదిపేది’ అని జనం దానికి పేరు పెట్టారు. మరో రెండేళ్ళలోపే కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ, విలియం హిల్మన్ కలిసి పెద్ద ముందు చక్రమూ తీగల ఊచలూ ఉన్న ‘ఏరియల్’ తెచ్చారు. చక్రం ఎంత పెద్దదైతే ఒక తొక్కుకు అంత దూరం పోతుంది కనక, రౌతు పొడుగును బట్టి బండి కొనుక్కునేవారు.

ఆ ఎత్తు బండి మీద మిట్టపల్లాల దేశంలో విహరించడం తేలిక పని కాదు. ఫ్రీవీల్ లేదు, చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతూనే ఉంటుంది. పల్లంలో దాని వేగాన్ని అందుకోలేక కాళ్ళు తీసి హ్యాండిల్ మీదుగా ముందుకు చాపేవారు. చక్రానికి రాయి తగిలితే మనిషి తలకిందులుగా ముందుకు పడేవాడు. హ్యాండిల్ మీద కాళ్ళు వేసుకోవడంలో ఒక సుఖం ఉందట: పడేటప్పుడు కాళ్ళు అందులో చిక్కుకోవు. సుఖమంటే అదీ!

అయినా మనుషులు వెళ్ళారు. 1878 ఆగస్టు 5న హారోగేట్ పట్టణంలో స్టాన్లీ కాటరెల్ అనే వైద్య విద్యార్థి చొరవతో బైసికిల్ టూరింగ్ క్లబ్ పుట్టింది. మూడు చక్రాల వాళ్ళనూ కలుపుకుని 1883లో సైకిలిస్ట్స్ టూరింగ్ క్లబ్ అయింది. క్లబ్బు చేసిన పని చూడటానికి చిన్నది, ఫలితం పెద్దది. హోటళ్ళతో ముందే ధరలు మాట్లాడి జాబితా అచ్చువేసింది, ఒప్పుకున్న హోటలు గోడకు రెక్కల చక్రం గుర్తు తగిలించింది, ఊరూరా ఒక ప్రతినిధిని పెట్టింది. ప్రమాదకరమైన దిగుడు మొదట్లో హెచ్చరిక పలకలు పాతించింది. దుమ్ము కొట్టుకుపోయి వచ్చిన అపరిచితుణ్ణి సత్రం యజమాని అనుమానంగా చూసే రోజుల్లో ఆ గుర్తు పెద్ద అండ. 1888 చట్టం సైకిలును బండిగా గుర్తించి రోడ్డు మీద హక్కు ఇచ్చింది. ఎవరినైనా దాటేటప్పుడు బెల్లు కొట్టితీరాలని షరతూ పెట్టింది.

లండన్‌కు నైరుతిగా పోర్ట్స్‌మత్ రోడ్డు మీద ఉన్న రిప్లీ గ్రామం ఆ కాలపు సైకిలు వాళ్ళకు తీర్థంలాంటిది. ఆదివారం పొద్దున బయలుదేరి ‘యాంకర్’ అనే సత్రంలో భోజనం చేసి సాయంత్రానికి ఇల్లు చేరడం అలవాటు. సత్రం నడిపిన డిబుల్ కుటుంబపు ఆడపడుచులు వాళ్ళను ఎంత ఆదరించారంటే, వారిలో ఒకామె పోయాక సైకిలు వాళ్ళు చందాలు వేసుకుని ఊరి చర్చిలో ఆమె పేర రంగుటద్దాల కిటికీ పెట్టించారు.

1885లో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ వచ్చింది. రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తు, వెనక చక్రానికి చైను. 1888లో డన్‌లప్ గాలి టైరు దానికి తోడైంది. వ్యాయామశాల కుర్రాళ్ళ ఆట కాస్తా గుమాస్తాల, టీచర్ల, ఆడవాళ్ళ విహారమైంది. 1899లో క్లబ్బు సభ్యులు 60 వేలు దాటారు. హెచ్. జి. వెల్స్ తానే ఒకప్పుడు బట్టల కొట్లో పనిచేసినవాడు. 1896 నాటి ‘ద వీల్స్ ఆఫ్ ఛాన్స్’ నవలలో అలాంటి కొట్టు కుర్రాణ్ణే ఏటి సెలవులకు సైకిలెక్కించి దక్షిణ ఇంగ్లండు తిప్పాడు. సంగీతకర్త ఎల్గార్ 1900లో ఒక సన్‌బీమ్ సైకిలు కొని, దానికి ‘మిస్టర్ ఫీబస్’ అని ముద్దుపేరు పెట్టుకుని మాల్వర్న్ పరిసరాల డొంకలన్నీ తిరిగాడు.

ఆడవాళ్ళకు మాత్రం దారి అంత సాఫీగా లేదు. నేల జీరాడే గౌను చైనులో పడుతుంది, గాలికి తెరచాపవుతుంది. అందుకని కొందరు మోకాళ్ళ కింద బిగించే వదులు పైజామా తొడిగారు. 1898 అక్టోబరులో సర్రే జిల్లా ఆకమ్ గ్రామంలో, ‘హాట్‌బాయ్’ హోటలుకు లేడీ హార్బర్టన్ అలాంటి దుస్తుల్లోనే వెళ్ళింది. ఆ వేషంతో కాఫీ గదిలోకి రానివ్వనంది యజమానురాలు. కావాలంటే సారా కొట్టు పక్క గదిలో వడ్డిస్తానంది. హోటలు క్లబ్బు జాబితాలో ఉన్నది, వచ్చినామె క్లబ్బు సభ్యురాలు. క్లబ్బు కోర్టుకెక్కింది. 1899 ఏప్రిల్లో ఓడిపోయింది: వేరే గదిలో పెడతానన్నప్పుడు తిండి నిరాకరించినట్టు కాదని జూరీ తేల్చింది. తీర్పు ఎటైనా, దేశమంతా పత్రికల్లో మాట్లాడుకున్నది మాత్రం పైజామా గురించే.

ఇరవయ్యో శతాబ్దం రాగానే మోటారు కారు వచ్చి రహదారిని లాగేసుకుంది. సంపన్నులు సైకిలు దిగి కారెక్కారు, క్లబ్బు చిక్కిపోయింది. మిగిలినవాళ్ళు ప్రధాన రహదారి వదిలి డొంకల్లోకి మళ్ళారు. ఈ రోజు మనం ‘ఇంగ్లండు సైకిలు విహారం’ అనగానే ఊహించుకునే బొమ్మ, అంటే వంకర తిరిగిన సన్నని బాట, పెంకుటిళ్ళ పల్లె, చర్చి గోపురం, గడ్డిమీద వాల్చిన సైకిలు, ఈ మళ్ళింపు తర్వాతే స్థిరపడింది. ఆ బొమ్మను గీసినవాడు ఫ్రాంక్ ప్యాటర్సన్. 1893 నుంచి 1952లో చనిపోయేదాకా ‘సైక్లింగ్’ పత్రికకు వేలకొద్దీ ఇంకు బొమ్మలు గీశాడు. కాలి బాధ వల్ల సైకిలు మానేశాక కూడా ససెక్స్‌లోని తన పాత ఇంట్లో కూర్చుని, ఫోటోలు ముందు పెట్టుకుని గీస్తూనే ఉన్నాడు. ఆయన రోడ్ల మీద కార్లు అరుదు. అది జ్ఞాపకం కాదు, కోరిక అని నా అనుమానం.

ఆ కాలపు సామాను గురించి కాస్త చెప్పాలి. నాటింగ్‌హామ్‌లో 1902లో స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు తయారైంది. తర్వాత 1936లో వచ్చిన దాని ‘ఏడబ్ల్యూ’ రకం మిట్టపల్లాలకు అతికినట్టు సరిపోయింది. నడిమి గేరులో చైను తిప్పినంతే చక్రం తిరుగుతుంది. కింది గేరు అందులో మూడొంతులు, పై గేరు దానికి మూడో వంతు ఎక్కువ. మిట్ట ఎక్కేటప్పుడు కింది గేరులో హబ్బు మౌనంగా ఉంటుంది, పై గేర్లలోకి రాగానే లోపలి పళ్ళు టిక్కుటిక్కుమంటాయి. బర్మింగ్‌హామ్ బ్రూక్స్ తోలు సీటు మొదటి వెయ్యి కిలోమీటర్లు మనిషిని ఏడిపిస్తుంది, ఆ తర్వాత అతని ఒంటి అచ్చులోకి వచ్చేస్తుంది. సీటు వెనక వేలాడే మందపాటి నూలుగుడ్డ సంచిని 1930ల నుంచి లాంకషైర్‌లో కారడైస్ సంస్థ కుడుతోంది. నూలు తడిసి ఉబ్బి కుట్టు రంధ్రాలను మూసేస్తుంది, వాన లోపలికి రాదు. దారి చూపడానికి బార్తొలొమ్యూ పటాలు ఉండేవి. ఎత్తును బట్టి పచ్చ నుంచి గోధుమ రంగుకు మారే ఆ పటం పరిస్తే రేపు ఎంత రొప్పాలో రాత్రే తెలిసిపోయేది. రాలీ, హెర్క్యులిస్, బీఎస్‌ఏ పేర్లు మన తాతల సైకిళ్ళ మీదా ఉండేవి: బర్మింగ్‌హామ్ సంస్థతో కలిసి మద్రాసు దగ్గర 1949లో టీఐ సైకిల్స్ వచ్చింది, అసన్సోల్‌లో సేన్-రాలీ వచ్చింది. అయితే గేర్ల ముచ్చట మాత్రం మన ఊళ్ళకు అంతగా రాలేదు.

1930లో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఏర్పడింది. నడిచో సైకిలు మీదో వచ్చినవాళ్ళకు రాత్రికి ఒక షిల్లింగు, కార్లవాళ్ళకు చోటు లేదు. ఫ్యాక్టరీ కుర్రకారుకు వారాంతం చేతికందింది. రెండో యుద్ధం తెచ్చిన పెట్రోలు రేషను 1950 మే దాకా నడవడంతో రహదారులు మళ్ళీ కొన్నాళ్ళు సైకిళ్ళవయ్యాయి. 1949లో బ్రిటన్‌లో సైకిళ్ళు నడిచిన దూరం దాదాపు 2,400 కోట్ల కిలోమీటర్లు. 1973కల్లా అది 400 కోట్లకు లోపే. కార్లు చౌకయ్యాయి, డొంకల్లోకీ వచ్చేశాయి.

అప్పుడు మూడోసారి వదిలేసిన దారి దొరికింది, ఈసారి రైలుది. రైలు మార్గాలను కుదించమన్న 1963 నాటి బీచింగ్ నివేదిక తర్వాత వేల కిలోమీటర్ల లైన్లు మూతపడ్డాయి. 1977లో బ్రిస్టల్‌లో మొదలై తర్వాత సస్ట్రాన్స్‌గా పేరుపడ్డ బృందం, బ్రిస్టల్-బాత్ మధ్య పాత రైలుకట్టను 1979 నుంచి 1986 దాకా బాటగా మార్చింది. పొడవు సుమారు 21 కిలోమీటర్లు. 1995లో లాటరీ నిధుల నుంచి 4.35 కోట్ల పౌండ్లు అందాయి, 2000లో జాతీయ సైకిలు మార్గాల వ్యవస్థ ప్రారంభమైంది. 2016లో పాత క్లబ్బు కూడా ‘సైక్లింగ్ యూకే’గా పేరు మార్చుకుంది.

రైలుకట్టలో ఒక చిక్కుంది. ఇంజను పెద్ద ఎత్తు ఎక్కలేదు కనక, కట్టినవాళ్ళు గుట్టను తవ్వి పల్లాన్ని పూడ్చి దారిని దాదాపు చదును చేశారు. స్టేపుల్ హిల్ దగ్గర బాట గుట్ట ఎక్కదు, అర కిలోమీటరుకు కాస్త తక్కువ పొడవున్న సొరంగంలోంచి దూరిపోతుంది. పిల్లలకు, కొత్తవాళ్ళకు అది బాగుంటుంది. పాతకాపులు మాత్రం ఇరుపక్కలా తవ్విన గట్లు తప్ప ఏమీ కనబడవని సణుగుతూ, మొదటి వంతెన దగ్గరే పైకెక్కి పక్క డొంకలోకి తిరుగుతారు.