పాత కనూ పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో ఓ షెడ్డులో పేరు లేని పాత చెక్క కనూ, అంటే తెడ్డుతో నడిపే సన్న పడవ, దొరికిందనుకోండి. అది ఎవరు చేశారో ఎలా తెలుస్తుంది?

మెయిన్ రాష్ట్రంలోని ఓల్డ్ టౌన్ కంపెనీదైతే పని సులువు. పడవ లోపల కొన దగ్గర, అడుగు చెక్క మీద సీరియల్ నంబర్ కొట్టి ఉంటుంది. పక్కన 16 అని ఉంటే పొడవు 16 అడుగులన్నమాట. ఆ నంబర్‌తో కంపెనీ కార్డు వెతికితే మోడల్, రంగు, ఏ తేదీన ఎక్కడికి పంపారో అన్నీ దొరుకుతాయి.

అదే రాష్ట్రంలో వీజీ ఊళ్లో తయారైన మోరిస్ కనూలకీ ఇత్తడి రేకు మీద నంబర్ ఉంటుంది. కానీ ఫ్యాక్టరీ కాలిపోయింది, రికార్డులు పోయాయి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే కీ మిగిలింది, డేటాబేస్ పోయింది. రేకు ఊడిపోయినా, పక్కటెముకల్లాంటి కర్రలు అంచు పట్టీలో ఇమిడిన తీరు చూసి మోరిస్ అని గుర్తుపడతారు. కానీ మొదట ఎవరు కొన్నారో చెక్క చెప్పదు. అది కాగితమే చెప్పాలి.

అందుకే మీ ఇంట్లో తాతలనాటి వస్తువు ఏదైనా ఉంటే, దాని సంగతి పెద్దవాళ్లని అడిగి ఇవాళే రాసిపెట్టండి.