పెంటకుప్ప నుండి చెత్తబండికి

చెత్తకు కూడ చరిత్ర యుండునా అని మీరు నవ్వవచ్చును. ఒక ఊరు ఏమి పారవేసినదో, దానిని ఎవరు మోసినారో విచారించినచో ఆ ఊరి కథలో సగము తెలియునని మా నమ్మకము. నిజామాబాదు, బోధను ప్రాంతమునే తీసికొందము.

నిజామాబాదును ఇందూరని పిలిచిన కాలమున చెత్తకు ఒక హక్కుదారు ఉండెను. పేడ, పొయ్యిబూడిద, కూరల తొక్కలు, రాలిన ఆకులు అన్నియు పెరటిలోని పెంటకుప్పకు చేరుచుండెను. తొలకరికి ముందు రైతు ఎడ్లబండి కట్టి దానిని పొలమునకు తోలుకొనుచుండెను. కంపు లేదని మేమనము. ఈగలకును రోగములకును కొదవ లేదు. అయినను కుప్ప తరలుటకొక ఋతువుండెను, దానిని కోరువాడొకడుండెను.

1931లో మంజీరపై నిజాంసాగరు పూర్తియైనది. కాలువ నీరు చెరకును తెచ్చినది. చెరకు 1937లో బోధనునకు నిజాం చక్కెర ఫ్యాక్టరీని తెచ్చినది. దాని ప్రక్కనే శక్కర్‌నగర్ అను కొత్త కాలనీ వెలసినది. చక్కెర ఫ్యాక్టరీలో వృథాగా పోవునది మిక్కిలి తక్కువ. పిప్పి బాయిలర్లలో మండి ఆవిరిని పుట్టించును. మొలాసిస్ సారాబట్టీకి పోవును. రసము వడగట్టగా మిగిలిన మడ్డి ఎరువై తిరిగి చెరకుతోటకే చేరును. కాని క్వార్టర్లలో కాపురముండువారి ఇంటిచెత్త మాటేమి? వారికి పొలము లేదు, ఎడ్లు లేవు, పెంటకుప్పకు పెరడు లేదు. ఇట్టి కాలనీలలో వీధులు ఊడ్పించుట యాజమాన్యపు పూచీగా నుండుట పరిపాటి. సుఖమైన ఏర్పాటే. అయితే అది ఆ యజమాని ఉన్నన్నినాళ్లే. బోధను ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది.

ఇచట ఒక ముచ్చట. నిజాంసాగరు పూర్తియైన 1931లోనే ఆల్బర్ట్ హోవార్డు, యశ్వంత్ వాడ్ అనువారు పంటచెత్తను, పేడను పొరలుగా పేర్చి ఎరువు చేయు విధానమును గ్రంథముగా ప్రకటించిరి. ఆ పద్ధతికి ఇండోరు పద్ధతియని పేరు. అది మన ఇందూరు కాదు, మాళవ దేశపు ఇండోరు. దేశమున పరిశుభ్ర నగరములలో 2017 నుండి వరుసగా పలు సంవత్సరములు ప్రథమ స్థానము పొందినదియు ఆ ఇండోరే. పేరు పోలికకు మనము సంతోషింపవచ్చును గాని, పని పోలిక మన చేతిలోనిది.

నిజామాబాదు 2005లో నగరపాలక సంస్థయైనది. 2011 జనగణనలో జనసంఖ్య 3,11,152. పొలములపై కొత్త కాలనీలు లేచినవి. హద్దురాళ్లు నాటి ప్లాట్లు అమ్ముదురు. ఇండ్లు మాత్రము ఏండ్ల తరబడి ఒక్కొక్కటిగా లేచును. నూరు ప్లాట్లలో పది ఇండ్లున్నప్పుడు చెత్తబండి పంపుట దండుగ యనిపించును. బండి రాదు గనుక ఆ పది ఇండ్లవారు తొంబది ఖాళీ జాగాలలో పారవేయుదురు. నూరు ఇండ్లు నిండునప్పటికి అలవాటు ముదిరిపోవును. అది పెంటకుప్పయే, కాని ప్లాస్టిక్కు కలిసిన పెంటను ఏ రైతును తోలుకొనడు. చివరకు దానిని చేతులతో ఎత్తవలసినవారు సఫాయి కార్మికులు. ఈ మాట ప్రణాళికలు గీయువారు తరచు మరతురు.

దారి లేకపోలేదు. 2003 ప్రాంతమున సూర్యాపేట మునిసిపాలిటీలో కమిషనరు ఎస్. ఎ. ఖాదర్ వీధి కుండీలను తొలగించి, ఇంటింటికి ట్రాక్టరును పంపి, తడిచెత్తను పొడిచెత్తను వేరుగా సేకరింపజేసినారు. తడిది ఎరువైనది, పొడిది అమ్ముడుపోయినది. ఇంటింటి సేకరణను 2000 నాటి కేంద్ర నిబంధనలే విధించినవి. ఇంటిలోనే చెత్తను మూడు విధములుగా వేరుచేయుమని 2016 నిబంధనలు చెప్పినవి. సూర్యాపేటవారికి మంత్రమేదియు దొరకలేదు. పెంటకుప్పలో పోయిన హక్కుదారును వెదకి తెచ్చినారు, అంతే.

కొత్త కాలనీ నక్షాకు అనుమతి ఇచ్చునాడే బండి తిరుగు దారి, తడిచెత్త ఎరువగుటకు చోటు గుర్తింపవలెను. తొలి ఏండ్లలో బండి ఖర్చు ప్లాట్లు అమ్మినవారి వద్దనే ముందుగా కట్టించుకొనుట న్యాయమని మేమందుము. పది ఇండ్లకైనను బండి రావలెను. మొదటి ఇంటి గృహప్రవేశము నాటి విస్తరాకులకే అది అవసరము.