ఎయిర్‌పోర్టు కింద ఎవరి పొలం ఉంది?

ఫ్రెండ్స్, నైట్ షిఫ్ట్ దిగి వచ్చి రాస్తున్నాం. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా రూమ్‌లో నలుగురం. ఇద్దరం టొరంటో పియర్సన్ దగ్గర కార్గో గోడౌన్‌లో పెట్టెలు ఎత్తుతాం. ఇంటికి పోవాలన్నా, అమ్మానాన్న ఇక్కడికి రావాలన్నా విమానమే దిక్కు. అందుకే విమానాలు వద్దని మేం అనలేం. విమానాల పొగ తగ్గాలి, కొత్త రకం ఇంధనం రావాలి అంటున్నారు, మంచిదే. కానీ ఎయిర్‌పోర్టుకి పోయిన భూమి సంగతి? ఈ దేశంలోనే రెండు కథలున్నాయి.

మొదటిది మిరాబెల్. 1969లో మాంట్రియల్ దగ్గర కొత్త ఎయిర్‌పోర్టు కోసం ఫెడరల్ ప్రభుత్వం సుమారు 97,000 ఎకరాలు తీసేసుకుంది. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొత్తం 5,500 ఎకరాలే, లెక్కేసుకోండి. వేల మంది రైతు కుటుంబాల వాళ్లు ఊళ్లు వదిలారు. 1975లో ఎయిర్‌పోర్టు తెరిచారు. సిటీకి దూరం, వస్తుందన్న రైలు రాలేదు. పాత డోర్వల్ ఎయిర్‌పోర్టు కూడా నడుస్తూనే ఉంది. జనం మిరాబెల్ వైపు పోలేదు. 2004లో ప్యాసింజర్ విమానాలు ఆగిపోయాయి. 2014లో టెర్మినల్‌ని కూల్చడం మొదలుపెట్టారు. వాడని భూమిలో చాలా భాగం 1980ల్లోనే వెనక్కి ఇవ్వాల్సొచ్చింది. ఇప్పుడు అక్కడ కార్గో నడుస్తోంది, తక్కువ ఇంధనం తాగే ఎయిర్‌బస్ ఏ-220 విమానాలు తయారవుతున్నాయి. దానికి అన్ని వేల ఎకరాలు కావాలా?

రెండోది మన పక్కనే ఉన్న పికరింగ్. 1972లో టొరంటోకి రెండో ఎయిర్‌పోర్టు అని 18,600 ఎకరాలు తీసుకున్నారు. అక్కడి జనం 'పీపుల్ ఆర్ ప్లేన్స్' అని సంఘం కట్టి కొట్లాడారు. 1975లో పని ఆగింది, భూమి మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. సొంత పొలంలో కౌలుదారులై బతికినోళ్లున్నారు. ఆ భూమిలో కొంత రూజ్ నేషనల్ పార్కులో కలిసింది. చివరికి 2025 జనవరిలో ఎయిర్‌పోర్టు కట్టం అని ప్రభుత్వం చెప్పింది. ఆ ఒక్క మాట కోసం 53 ఏళ్లు!

మన దగ్గర భోగాపురం చూడండి. మొదట వేల ఎకరాలన్నారు. రైతులు ఎదురు తిరిగారు, కోర్టుకెక్కారు. చివరికి సుమారు 2,200 ఎకరాలకి దిగింది. అంటే అడిగితే తగ్గుతుంది.

కాబట్టి రేపు మన ఊరికి సర్వేవాళ్లు వస్తే ఇంట్లోవాళ్లకి ఫోన్‌లో ఈ నాలుగు ప్రశ్నలు చెప్పండి. ఉన్న ఎయిర్‌పోర్టు సరిపోదా? అక్కడికి రైలు వేస్తారా? నిజంగా ఎన్ని ఎకరాలు కావాలి? వాడకపోతే ఎన్నేళ్లకి తిరిగిస్తారు? సంతకం పెట్టకముందే అడగాలి, పెట్టాక అడిగితే పికరింగే.

మీ ఇళ్లల్లో ఎయిర్‌పోర్టుకి భూమి పోయినవాళ్లుంటే కింద రాయండి. అందరం చదువుతాం.