బండెక్కిన ఓడ

ఓడలు బండ్లవుతాయనే సామెతను మనం భాగ్యవిపర్యయానికి వాడుకుంటాం. నేటి పోలండులోని ఎల్బ్లాంగ్ కాలువలో ఓడ నిజంగానే బండెక్కుతుంది. ఎగువ సరస్సులకూ దిగువ నేలకూ నడుమ సుమారు 100 మీటర్ల ఎత్తు తేడా. ప్రష్యా ఇంజనీరు గెయోర్గ్ ష్టేంకె లాకులమీదే ఆధారపడక, వాలు గట్లపై పట్టాలు వేయించాడు. కాలువ 1860లో ప్రారంభమైంది.

బండి ముందే నీట మునిగి ఉంటుంది. పడవ దాని ఇరుప్రక్కల కమ్ముల నడుమకు తేలివచ్చి నిలుస్తుంది. ఇనుపమోకు లాగగా బండి మెల్లగా మెరకకెక్కుతుంది. నీరు తగ్గినకొద్దీ పడవ తిన్నగా దానిపై కుదురుకుంటుంది. ఎత్తేవాడూ లేడు, సర్దేవాడూ లేడు! ఒక బండి ఎక్కుతూంటే జోడుబండి దిగుతుంది. మోకు లాగే చక్రాన్ని త్రిప్పేదీ కాలువ నీరే.

తరువాత రైలు వచ్చింది, సరకు అటు మళ్ళింది. ఇప్పుడు ఆ బండ్లపై ఎక్కేవి విహారనౌకలు.